ఇల్లు, అప్పు, పత్రము

జమ్మలమడుగు చెంతనున్న గండికోట లోయను చూడ యాత్రికులు వచ్చుచున్నారు. వారికి బస యిచ్చి జీవింపవచ్చునని అప్పుతో ఇల్లు కొనదలచువారు పూర్వచరిత్ర నెఱుంగవలెను.

వెనుక కొందఱు ఋణదాతలు తాకట్టునకు మాఱుగా ఇంటిని విక్రయముగా వ్రాయించుకొని, సొమ్ము చెల్లించిన మరల నిత్తుమని వేఱు కాగితము నొసంగుచుండిరి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము క్రింద అట్టిదానిని తాకట్టుగా నెంచి, ఇంటిని విడిపించుకొనుటకు వీలుండెను. 1929 నాటి సవరణతో ఆ షరతు విక్రయపత్రమునందే యుండవలసినదయ్యెను. వేఱు కాగితముతో అది తాకట్టు కానేరదు.

బ్యాంకు అప్పునందును జాగరూకత వలయును. యాత్రికులు రాని నెలలందును వాయిదా వచ్చును. వాయిదాలు తప్పి బాకీ మొండిపడినచో, 2002 నాటి చట్టము ననుసరించి 60 దినముల నోటీసిచ్చి, కోర్టు తీర్పు లేకయే బ్యాంకు ఇంటిని స్వాధీనపఱచుకొనవచ్చును.

కావున ప్రొద్దుటూరి సాహుకారు వద్దనైనను, పులివెందుల బ్యాంకునందైనను, పత్రమును తుదివఱకు చదివి, పిమ్మటనే చేవ్రాలు చేయుడు.