ఉమ్రి పరిసరాల్లో 1948: పౌర ప్రాణాల లెక్క

నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం మీదున్న ఉమ్రి, నిజాం పాలన చివరి సంవత్సరంలో చరిత్రకెక్కింది. 1948 జనవరిలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు చెందిన సాయుధ దళం అక్కడి స్టేట్ బ్యాంకు శాఖపై దాడి చేసి ఉద్యమానికి కావలసిన సొమ్మును పట్టుకుపోవడం మరాఠ్వాడా విమోచన చరిత్రలో నేటికీ సాహసగాథగా నిలిచి ఉంది.

అప్పటికి భారత ప్రభుత్వానికీ నిజాముకూ మధ్య యథాతథ ఒప్పందం, అంటే విలీనం సంగతి తేలేదాకా ఉన్న సంబంధాలను ఉన్నట్టే కొనసాగించాలన్న తాత్కాలిక ఏర్పాటు, అమలులో ఉన్నా, ఊళ్లలో శాంతి లేదు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నడిపిన స్వచ్ఛంద సాయుధ దళమైన రజాకార్లు ఊళ్ల మీద పడి దోపిడీలు, హత్యలు సాగించగా, ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్థులు బలయ్యారు. సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య అయిదు రోజులలో నిజాం లొంగుబాటుతో ముగిసింది.

యుద్ధం అయిదు రోజులదే గాని చావులు అంతటితో ఆగలేదు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం రైతులు, చేతివృత్తులవారు ప్రతీకారానికి గురయ్యారు. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులుగా గల సద్భావనా సంఘం నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలోని 16 జిల్లాలలో తొమ్మిదింటిని తిరిగి, సైనిక చర్య కాలంలోనూ ఆ తరువాతా మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్‌లతో పాటు నాందేడ్‌ను అత్యధికంగా దెబ్బతిన్న జిల్లాల జాబితాలో చేర్చింది. రజాకార్ల దుర్మార్గాలను దాచకుండానే, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు లూటీలో పాలుపంచుకున్నారని కూడా ఆ నివేదిక పేర్కొన్నది.

ముస్లిం నేతగాళ్లను కాపాడేందుకు హిందూ నేతగాళ్లు అడ్డునిలిచి, తామే ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు అందులో ఉన్నాయి. ఒకే వృత్తి చేసుకు బతికేవారికి పొరుగువాడి ప్రాణం ఏ పక్షానిదో చూడాలని తోచలేదు. పాలనా యంత్రాంగం దృష్టి అలా లేదు. తరాలుగా హైదరాబాదులో స్థిరపడిన అరబ్బులలో, పఠాన్లలో ఎందరినో విదేశీయులుగా పరిగణించి నిర్బంధించింది, కొందరిని దేశం దాటించింది.

మరుసటి ఏడాది ఆగస్టు 12న కుదిరిన జెనీవా ఒప్పందాలు, ఒకే దేశంలోని అంతర్యుద్ధంలో సైతం ఆయుధం పట్టనివారిని మతం, జాతి, పుట్టుక చూడకుండా మానవీయంగా చూడాలని శాసించాయి. ఆ సూత్రానికి తొలిమెట్టు మృతులను లెక్కించడం. భైరాన్‌పల్లి మృతులకు స్మారక స్తూపం ఉంది; సుందర్‌లాల్ నివేదికను మాత్రం ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. 27 వేలకూ 40 వేలకూ నడుమనున్న 13 వేల తేడాను ఊరూరా విచారించి తేల్చే పని జరగలేదు గనుక, అంతమంది నిజంగా చనిపోయారో లేదో చెప్పలేని స్థితిని దాటకుండానే ఆ అధ్యాయం మూతపడింది.