ఋతువులూ, కెమెరా

ఎలియట్ పోర్టర్ చదువుచేత వైద్యుడు. 1929లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పుచ్చుకొని, అక్కడనే అధ్యాపకుడై పరిశోధనలు సాగించినాడు. చిన్ననాట మెయిన్ రాష్ట్రపు సముద్రతీరాన, తమ కుటుంబానికి చెందిన దీవిలో పక్షులను ఫొటోలు తీసిన అలవాటు మాత్రం ఆయనను విడువలేదు. 1938 చివర న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ తన ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలకు చోటిచ్చినాడు. మరుసటి ఏటనే పోర్టర్ ఉద్యోగానికి స్వస్తి చెప్పినాడు.

పక్షుల చిత్రాలతో ఒక గ్రంథం వేయవలెనని ఆయన సంకల్పం. నలుపు తెలుపులలో ఏ పిట్ట ఏదో పోల్చుకొనుట కష్టమని ప్రచురణకర్తలు పెదవి విరిచినారు. ఆ విధంగా ఆయన రంగుల ఫిలిమునకు దిగవలసి వచ్చినది. ఆనాటి కోడాక్రోమ్ ఫిలిమునకు వెలుతురును గ్రహించే శక్తి నేటి లెక్కలో సుమారు 10. నేటి సామాన్యమైన డిజిటల్ కెమెరా 100తో మొదలై వేలలోనికి పోగలదు. అంత మందమైన ఫిలిముతో, కాళ్ళపీట మీద నిలిపిన పెద్ద కెమెరాతో, ఆకు కదలని క్షణం కొరకు వేచియుండుటయే ఆయన చేసిన సాధన. మండుటెండ కన్న మబ్బు పట్టిన వేళను, నీడపట్టును ఆయన ఎక్కువ ఇష్టపడినాడు. గట్టి నీడలు లేనప్పుడే ఆకుల రంగులు, నాచుల రంగులు ఒకదానితో ఒకటి కలహించక నిలుస్తాయి. మన గ్రీష్మంలో కెమెరా పట్టేవారు ఈ సంగతి మొదటి వారంలోనే గుర్తించవచ్చును.

1962లో ఆయన చిత్రాలు, థోరో రచనల నుండి ఎంచిన భాగాలు కలిపి సియెర్రా క్లబ్ ఒక గ్రంథం వెలువరించినది. ఆ గ్రంథపు కూర్పు ఋతుక్రమమే. వారికి ఋతువులు నాలుగు, మనకు ఆరు. కనుక మన విద్యార్థికి పాఠాలు రెండు ఎక్కువ!

డిజిటల్ కెమెరాకు బీజం 1969లో పడినది. బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను ఇరువురు కాంతిని విద్యుదావేశంగా మార్చి వరుసగా అందించే పరికరమును రూపొందించినారు. ఇందులకే 2009లో వారికి నోబెల్ బహుమానంలో భాగం లభించినది. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ చేసిన కెమెరా పదివేల చుక్కల నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించుటకు 23 సెకనులు తీసుకొనేది. మరుసటి ఏడు, అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రంగుల జల్లెడకు పేటెంటు పొందినాడు. ఆ జల్లెడలో సగం గళ్ళు ఆకుపచ్చవి. ఎరుపునకు పావు, నీలమునకు పావు. వివరములను పోల్చుటలో మన కన్ను ఆకుపచ్చ కాంతి మీదనే ఎక్కువగా ఆధారపడుటయే దీనికి కారణం.

ఈ యంత్రానికి తెలివి యున్నదనుకొనుట పొరపాటు. అది ఎదుట నున్నదంతా నడితరపు బూడిదరంగే అని భావించి వెలుతురు కొలుస్తుంది. పులికాటు సమీపాన నేలపట్టులో శీతకాలమున గూడబాతులు గూళ్ళు కట్టినప్పుడు, చీకటి కొమ్మల నడుమ నున్న లేతవన్నె పక్షిని తీయబోతే, రెక్కలు తెల్లని మచ్చగా మారిపోతాయి. వెలుతురును ఒక మెట్టు తగ్గించి, తెరమీది వెలుతురు పటంలో కుడి అంచు చూచుకొనవలెను. శిశిరాంతమున తెలంగాణా అడవులలో మోదుగ పూచినప్పుడు చిక్కు వేరు. మొత్తం పటం సరిగానే కనిపించవచ్చును, కాని ఎరుపు పాలు మాత్రం పొంగిపొర్లి, పూరేకు మీది గీతలన్నీ మాయమవుతాయి. ఎరుపు గీతను విడిగా చూపు ఏర్పాటు పెక్కు కెమెరాలలో ఉన్నది, వాడేవారు తక్కువ. హేమంతపు ఉదయాన మంచులోని నీలిచాయను కెమెరా తనంత తానుగా ‘సరిదిద్దు’తుంది, దానిని పగటివెలుగు అమరికకు కట్టిపెట్టినచో ఆ ఉదయం ఉదయంగానే మిగులుతుంది.

తీసిన బొమ్మను అక్కడికక్కడే చూచుకొనే సౌకర్యం పోర్టరుకు లేదు. దానిని నేను గొప్ప గురువుగానే ఎంచుతాను. కాని వేయి బొమ్మలు తీసినంత మాత్రాన మోదుగ రెండవసారి పూయదు. తప్పిన పాఠానికి ఏడాది ఆగవలసినదే.

ఒక్కొక్కప్పుడు ఏడాది ఆగినా ప్రయోజనం ఉండదు. 1960 నుండి పోర్టర్ కొలరాడో నది మీది గ్లెన్ లోయకు పోయి, ఎర్రని రాతి గోడలను, వాటిపై ఆకాశపు నీలి ప్రతిఫలనాలను చిత్రించినాడు. 1963లో ఆనకట్ట తలుపులు మూసినారు. ఆ చిత్రాల గ్రంథం వెలువడినది కూడా ఆ సంవత్సరమే. లోయ క్రమంగా నీట మునిగినది. దీర్ఘకాలపు అనావృష్టి వలన 2022, 2023 సంవత్సరాలలో జలాశయం ఎంతో క్షీణించగా, దశాబ్దాలుగా నీటి అడుగున నున్న గోడలు కొన్ని బయటపడినవి. డిజిటల్ కెమెరాలు పట్టుకొని అక్కడికి పోయినవారికి వాటిమీద తెల్లని సున్నపు పొర కనిపించినది.