రాయచూరు సీమలో చేతులు మారిన తెలుగు పుస్తకము

పరీక్ష కొఱకు చదువు పుస్తకము వేఱు, ప్రీతి కొఱకు చదువు పుస్తకము వేఱు. మొదటిదానిని ప్రభుత్వము నిర్ణయించును, ఉపాధ్యాయుడు బోధించును, ఏడాది గడచిన పిదప విద్యార్థి దానిని మఱచును. రెండవదానిని నిర్ణయించువారెవ్వరును లేరు. ఒక మిత్రుడు "ఇది చదివితివా?" అని చేతికిచ్చును. చదివినవాడు దానిని మఱియొకని చేతిలో పెట్టును. ఒక భాష ఒక సీమలో ఎంత సజీవముగా నున్నదో తెలిసికొనుటకు బడుల హాజరు పట్టీలకంటె ఇట్లు చేతులు మారిన పుస్తకముల చరిత్రయే మంచి గీటురాయి యని నా యభిప్రాయము. తెలుగు అల్పసంఖ్యాకుల భాషగా నున్న రాయచూరు జిల్లా విషయమున ఈ మాట మఱింత నిజము. ఆ చరిత్రను నాకు తెలిసినంతవఱకు ఇచట మనవి చేయుచున్నాను.

రెండు నదుల నడిమి నేల

ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఈ రెంటి నడిమి అంతర్వేదికై రాజులు శతాబ్దములు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపురపు సుల్తానును ఓడించి రాయచూరు దుర్గమును గైకొనెను. ఆ విజేతయే ఆముక్తమాల్యదను తెలుగున రచించిన కవి. కన్నడనాట రాజ్యమేలుచు తెలుగున కావ్యము వ్రాసిన ఆ రాయలను తలచినచో ఈ నేలపై ఇరుభాషల పొత్తు క్రొత్తది కాదని తేటపడును.

ఈ సీమ ప్రధాన భాష కన్నడము. తూర్పు గ్రామములందును పట్టణపు పేటలందును తెలుగు వ్యవహారము తరతరములుగా కలదు. నిజాము పాలనలో అధికార భాష ఉర్దూ. కావున ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, కచేరీలో ఉర్దూ మాటాడుట ఇచటి వారికి సహజమైన విషయము. అయితే మాటాడుట వేఱు, చదువుట వేఱు. నోట మూడు భాషలున్నను అక్షరము ఏ భాషలో నేర్తుమో ఆ భాషలోని పుస్తకమే చేతికి వచ్చును.

అచ్చు పుస్తకములు అరుదుగా నున్న దినములలో చదువనగా నలుగురు కూడి వినుటయే. అక్షరము వచ్చిన ఒక్కడు అరుగుపై కూర్చుండి భారతమునో భాగవతమునో చదువును, పదిమంది విందురు. ఒక్క పుస్తకము ఒక వీధికంతకును చాలును. దీనిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. వ్యాసాంతమున ఈ అరుగుతో మనకు మరల పని కలదు.

1871లో బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు, మద్రాసు నుండి వచ్చిన రైలుదారియు రాయచూరున కలిసికొనెను. తెలుగు అచ్చునకు ఆ కాలమున మద్రాసు పెద్ద కేంద్రము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా పుట్టినది బొంబాయిలో. 1914లో దినపత్రికయైనది మద్రాసులో. ఆ రెండు నగరములను కలుపు ఇనుప బాట నడుమ మన రాయచూరున్నది. ఇది చిన్న సంగతి కాదు.

నిజాము రాష్ట్రమున గ్రంథాలయములు

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్లు దాని స్థాపకులలో ముఖ్యులు. రాయచూరు దుర్గమును గెలిచిన రాయల పేరే ఆ నిలయమునకు పెట్టబడుట గమనింపదగినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి హైదరాబాదుననే పుట్టి, పిదప మద్రాసునకు తరలెను. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము పఠనాలయములను, గ్రంథాలయములను నెలకొల్పుట తన ఆశయములలో నొకటిగా పెట్టుకొనెను.

ఆనాడు గ్రంథాలయమును తెఱచుట సులభకార్యము కాదు. సభ జరుపుటకు అనుమతి కావలెను. నలుగురు కూడి పత్రిక చదివినను అధికారులకు అనుమానమే. కావున పుస్తకము భవనముకంటె ఎక్కువగా మనుష్యులను ఆశ్రయించినది. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ప్రచురించిన పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. అచ్చువేసిన చేతులే పాఠకుని వాకిట పుస్తకము నుంచిన ఉదాహరణ మిది.

కోస్తా జిల్లాలలో స్వేచ్ఛ కొంత ఎక్కువగా నుండెను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవ గ్రంథాలయమును నడపిరి. కాలువ గట్టున వేచియున్న రైతు తనకు నచ్చిన పుస్తకమును పడవ నుండి తీసికొని, చదివినదానిని తిరిగి ఇచ్చుచుండెను. ఈ కాలువ ముచ్చట రాయచూరు చరిత్రలోనికి పిమ్మట ఎట్లు ప్రవేశించినదో ముందు చెప్పెదను.

గద్వాల, ఆలంపురములు

1956 వఱకు గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. ఈ మాట నేటి యువకులలో అనేకులకు తెలియదు. కవిపోషణచేత "విద్వద్గద్వాల" యని పేరొందిన సంస్థానము మన జిల్లా తూర్పు భాగమున నుండెను. ఆ ప్రాంతపు ఇటికాలపాడునకు చెందినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపణ వినవచ్చినప్పుడు వారు వాదమునకు దిగక, కవుల వివరములను, పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఊరూర పెట్టెలలో మూలుగుచున్న వ్రాతలు ఒక్కచోట చేరుటచేతనే ఆ సంచిక సాధ్యమయ్యెను. దాచుకొన్న వ్రాతను పదిమందితో పంచుకొన్నచో అది సాక్ష్యమగునని ఆ సంచిక నిరూపించినది. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగున మొట్టమొదటి పురస్కారమిచ్చినది. అప్పటికి వారు గతించి రెండేండ్లయినది.

1943లో హైదరాబాదున స్థాపింపబడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు 1953లో ఆలంపురమున సభలు జరిపెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభలకు విచ్చేసిరి. కాళోజీ నారాయణరావుగారి "నా గొడవ" అచటనే ఆవిష్కరింపబడినది. ఆ సభల వెనుక పాటుపడినవారు ఆలంపురమును తమ ఊరుగా చేసికొన్న గడియారము రామకృష్ణశర్మగారు. వారి ఆత్మకథ "శతపత్రము" 2007లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము పొందినది. ఇంతటి సారస్వత వైభవమునకు వేదికయైన ఆలంపురము నాడు మన జిల్లాయే.

వినోద పఠనము: తప్పా ఒప్పా?

గ్రంథాలయోద్యమపు పెద్దలు విజ్ఞానమును ఆశించిరి. జనులు కథలను కోరిరి. కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము, చిలకమర్తివారి గణపతి, మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశము, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు చేతులు మారి మారి అంచులు నలిగినవి. విజ్ఞాన గ్రంథములు అలమారలో కొత్తగానే నిలిచినవి. 1947 జూలైలో చందమామ వెలువడిన పిదప పిల్లలతోబాటు పెద్దలును దానికై ఎదురుచూచిరి. 1949లో చందమామ కన్నడమునను వచ్చెను. ఒకే బేతాళ కథను ఒక ఇంట తెలుగున, ప్రక్క ఇంట కన్నడమున చదివి బాలురు వీధిలో ముచ్చటించుకొనుట రాయచూరువంటి సీమకే చెల్లిన భాగ్యము. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ఆ ముచ్చటయు లేదు.

గ్రంథాలయ శాస్త్రాచార్యుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి పాఠకునికి అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు అనునవి రెండు. ఈ సూత్రములలో పుస్తకపు గొప్పతనమును గూర్చిన షరతు లేదు. ఈ సంగతి నేను ఆలస్యముగా గ్రహించితిని.

1956 తరువాత

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగెను. రాయచూరు నాటి మైసూరు రాష్ట్రమున చేరెను; గద్వాల, ఆలంపురములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. అవి నేడు తెలంగాణలోని జోగుళాంబ గద్వాల జిల్లాలోనివి. భాషాప్రాతిపదికపై ఈ విభజన న్యాయమైనదే. దానితో మన తెలుగువారికి కవులున్న ఊళ్ళు సరిహద్దు కావలనైనవి. ఆ యేటనే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరి, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యము కల్పింపవలెనని ఆదేశించెను. అది బడికి ఆధారమైనది. బడి వెలుపలి పుస్తకమునకు అట్టి అధికరణము లేదు.

అదే దశకమున వేఱొక మార్పు జరిగెను. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలిచెను. ఎడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతముల నల్లరేగడి నేలలు తడిసెను. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, "క్యాంపులు" అను పల్లెలను కట్టుకొని వరి పండించిరి. గంగావతి 1997 నుండి కొప్పళ జిల్లాలోనిది. పడవ గ్రంథాలయమును చూచిన కాలువ గట్లనుండి వచ్చినవారు మఱియొక కాలువ గట్టున కాపురము పెట్టిరి. పుట్టినూరు పోయి వచ్చునప్పుడు సంచిలో వారపత్రికలు, నవలలు తెచ్చుకొనిరి. క్యాంపునకు వచ్చిన ఒక్క వారపత్రిక పది ఇండ్లు తిరిగి, అట్ట ఊడి, తిరిగి కొన్నవారింటికి చేరుట వృద్ధులు ఇప్పటికిని చెప్పుదురు.

పుస్తకము భాషలను కూడ దాటినది. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసీదళము కన్నడమున అనువదింపబడి విశేషముగా చదువబడినది. ఎస్.ఎల్. భైరప్పగారి కన్నడ నవలలను తెలుగువారు తెలుగున చదివిరి. ప్రీతికై చదువువాడు పొరుగు భాషకు శత్రువు కాడు.

నా తప్పిదము

ఇక నా అనుభవము నొకటి విన్నవించెదను. ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలిరోజులలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వాచకము మాటున ఒక డిటెక్టివ్ నవల పెట్టుకొని చదువుచుండగా పట్టుకొంటిని. చీవాట్లు పెట్టి పుస్తకమును బీరువాలో నుంచి తాళము వేసితిని. మంచి పని చేసితినని తలచితిని. ఆ యేడు ముగియునప్పటికి పిల్లలు సంచులలో పుస్తకములు తెచ్చుకొనుట మానిరి. క్రమశిక్షణ పెరిగినదని సంతసించితిని కూడ.

చాల ఏండ్లకు బీరువా సర్దుచు ఆ నవలను తెఱచితిని. అట్ట లోపలి వైపున పెన్సిలుతో పదునొకండు పేర్లు వరుసగా వ్రాయబడియున్నవి. చదివినవారందఱు తమ పేరు వ్రాయవలెనని ఆ పిల్లలు పెట్టుకొన్న నియమము కాబోలు. వానిలో రెండు పేర్లు కన్నడ లిపిలో నున్నవి. తెలుగు లిపి రాని ఆ యిద్దఱు తెలుగు నవల నెట్లు చదివిరి? వేఱొకరు చదువగా విని యుందురు. మన తాతలనాటి అరుగును ఆ పిల్లలు ఎవ్వరును చెప్పకయే తిరిగి కట్టుకొనిరి. దానిని పడగొట్టినవాడను నేను. పన్నెండవ పేరు ఆ పట్టికలో లేకపోవుటకు కారణము నా తాళము.

అప్పటి నుండి వారమున కొక గంటను నా తరగతిలో ఇష్ట పుస్తకములకై విడిచితిని. తనకు నచ్చిన పుస్తకమును తెచ్చి అందేమి నచ్చినదో చెప్పుటయే పని. ప్రశ్నలు లేవు, మార్కులు లేవు. ఒక బాలుడు తాతగారి పెట్టెలోని కాశీమజిలీ కథలను తెచ్చెను. మఱియొకడు కన్నడ పుస్తకమును తెచ్చి, కథను తెలుగున చెప్పెను. నేను వారించలేదు.

కర్తవ్యము

పిల్లల సంఖ్య తగ్గుచున్న తెలుగు బడులను గూర్చి మన సభలలో విచారము వినుచున్నాము. ఆ విచారము తగినదే. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో కన్నడమునో ఆంగ్లమునో చదువు పిల్లలు నేడు పెక్కుమంది. వారికి తెలుగు పుస్తకము మూసిన తలుపు. కాని తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులు. ఒకటి వచ్చినవానికి రెండవది కొలది వారములలో పట్టుబడునని నా బోధనానుభవము. లిపి నేర్పుట కష్టము కాదు. నేర్చిన పిదప చదువుటకు ఇష్టమైన పుస్తకము లేకున్న అది నిలువదు.

కావున ప్రతి ఇంటివారును తమకు ప్రియమైన పుస్తకము నొకదానిని బయటకు తీసి, అట్ట లోపల తమ పేరు వ్రాసి, మఱియొకరి చేతికిత్తురు గాక. అది ప్రబంధమైనను సరే, డిటెక్టివ్ నవలయైనను సరే. లిపి రానివారికి చదివి వినిపింతురు గాక. కన్నడ లిపిలో పేరు వ్రాసినవారిని ముందుగా పిలుతురు గాక. నా బీరువాలోని ఆ నవలకు ఇప్పుడు తాళము లేదు. దానిపై పేర్లు పందొమ్మిదికి చేరినవి.