రాత్రి పనిగా మొదలైన డేటా రిఫ్రెష్

వ్యాపార నివేదికల్లోని అంకెలను వేళ ప్రకారం మార్చే పద్ధతి మెయిన్‌ఫ్రేమ్‌ల కాలం నాటిది. పగటి లావాదేవీలను పోగుచేసి రాత్రి ఒకేసారి నడిపేవారు. పని మధ్యలో ఆగితే ఆపరేటర్ అక్కడే ఉండి కారణం వెతికేవాడు. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోని క్రాన్ అనే ప్రోగ్రామ్ ఆ వేళాపాలనను యంత్రానికి అప్పగించింది. 1988లో ఐబీఎంకు చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ, నివేదికల కోసం డేటాను ఒకచోట చేర్చే డేటా వేర్‌హౌస్ రూపకల్పనను ప్రచురించారు.

2015లో మైక్రోసాఫ్ట్ నివేదికల సాధనం పవర్ బీఐ అందరికీ అందుబాటులోకి వచ్చాక రిఫ్రెష్ వేళలు నిర్ణయించడం నివేదిక తయారుచేసేవారి చేతికే వచ్చింది. సమస్యలు మాత్రం పలుచోట్లకు చెదిరిపోయాయి: గడువు తీరిన పాస్‌వర్డ్, ఆగిపోయిన గేట్‌వే కంప్యూటర్ (డేటాను చేరవేసేది), మూల డేటాలో పేరు మారిన కాలమ్. ప్రో లైసెన్సులో రిఫ్రెష్ రెండు గంటలు దాటితే ఆగిపోతుంది. వరుసగా నాలుగుసార్లు విఫలమైతే షెడ్యూలే రద్దవుతుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది, విజయవంతమని చూపిస్తూ పాత డేటానే తెచ్చే రిఫ్రెష్. మూలంలోకి రాత్రి లోడు పూర్తికాకముందే అది మొదలైతే జరిగేది ఇదే. ఎర్రర్ ఏదీ కనిపించదు. అందుకే రిఫ్రెష్ చరిత్రతోపాటు నివేదికలోకి వచ్చిన చివరి లావాదేవీ తేదీనీ తప్పక చూడాలి.