మొగలో మనవారి పాలు

గోదావరి సప్తముఖములతో సముద్రమును జేరుచున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ పాయలకు మహర్షుల పేరులు పెట్టి, పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగివద్ద తుల్యభాగా సంగమమున స్నానముతో సప్తసాగర యాత్ర నారంభించి, అంతర్వేదివద్ద వసిష్ఠా సంగమమున ముగించుట మన తీరమున నేటికిని ఆచారమై యున్నది. యాత్రికులు మునిగి పోవుదురు; ఆ సంగమములవద్ద ఏడాది పొడుగునను నిలిచి యుండువారు మనవారు. కావున ఈ మహాసభా సంచికకు చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘ కార్యదర్శివర్యులు కోరినప్పుడు, రాజవంశముల ప్రసక్తిని విడిచి, గౌతమి మొగ చరిత్రమును, దాని రక్షణమును గూర్చిన యేర్పాటులలో మనవారికి గలిగిన స్థానమును వ్రాయ నిశ్చయించితిమి.

ఉప్పునీరును తీపినీరును కలియు తావు మొగ. సంస్కృతమున 'వేలా' యను శబ్దమునకు తీరమనియు, ఆటుపోటనియు, కాలమనియు అర్థములు గలవు. ఈ మూడును ఒక్క మాటలో నిమిడియుండుట మొగయందు బ్రదుకువారికి వింతగా తోచదు. దినమునకు రెండు మారులు పోటు మడలలోనికెక్కును, రెండు మారులు తీయును. ఆ వెంటనే రొయ్యపిల్లయు, పీతయు, పండుగప్పయు లోనికి వచ్చి, మడవేళ్ళ నడుమ పెరిగి, మరల కడలి చేరును. ఆషాఢ శ్రావణములలో ఎఱ్ఱనీరు దిగినప్పుడు పులస ఏటికెదురెక్కును. తీపినీరు రానినాడు పులస లేదు. మడ లేనినాడు రొయ్య లేదు. ఈ శాస్త్రము మన యిండ్లలో వ్రాతలేకయే తరతరములుగా నడచినది.

కోరంగి పేరు ఒకప్పుడు సముద్రముల కావల వినబడినది. అచ్చట ఓడలు కట్టుచుండిరి, బాగుచేయుచుండిరి. ఆ రేవునుండి యోడలెక్కి పోయిన తెలుగువారిని బర్మాలో 'కోరంగీ'లని పిలిచిరన్న నింతకంటె సాక్ష్యమేల? 1789వ సంవత్సరమునందును, 1839వ సంవత్సరమునందును వచ్చిన యుప్పెనలు ఆ పట్టణమును పాడుచేసినవి. 'సైక్లోను' అను పదమును 1840ల దశాబ్దిలో కల్పించిన పిడింగ్టన్ దొర మొదటి యుప్పెనను ప్రత్యేకముగా వర్ణించియున్నాడు. అనగా ఆ మాట పుట్టుకలో మన కోరంగికిని సంబంధము గలదు. ఉప్పెనలు పోగా మిగిలిన పనిని ఒండ్రు చేసెను. రేవు పూడినది, వర్తకము కాకినాడకు తరలినది. నది తెచ్చిన యిసుకయే కాకినాడ యెదుట 'హోప్ దీవి' యను పొడవైన దిబ్బగా పేరుకొని, నేటికిని ఆ రేవునకు అలలనుండి కాపు కాయుచున్నది. ఒక రేవును పూడ్చిన మన్నే మఱియొక రేవును కాపాడుచున్నది! నదికి మన లెక్కలతో పనిలేదు.

మడయడవుల విషయమునకు వత్తము. ప్రభుత్వము వీనిని రిజర్వు చేసి, కూపులుగా విభజించి, వంతువంతున నఱికించుచుండెను. నఱికిన చోట మరల మొలచునని వారి తలంపు. మొలవలేదు. కారణము సులభమే. చెట్టు నీడ పోగా నేల యెండి, క్రుంగి, తొట్టివలె పల్లమయ్యెను. పెద్ద పోటునకు లోనికెక్కిన నీరు తిరిగి పోలేక అచ్చటనే నిలిచి, యెండి, ఉప్పు పేరుకొనెను. ఆ యుప్పులో మడవిత్తు బ్రదుకజాలదు. కాని చిరకాలము ఈ పాటు యావత్తును పల్లెవారి గొడ్డలిమీదనే మోపిరి. 1978వ సంవత్సరమున 235 చదరపు కిలోమీటరులకు పైబడిన ప్రదేశము కోరంగి అభయారణ్యమైనది. ఉద్దేశ్యము మంచిదే, నీటిపిల్లులకును, బావురుపిల్లులకును, సముద్రపు తాబేళ్ళకును అభయము దొరకినది. అయితే ఆ కాగితములలో మన పల్లెలు కాపాడవలసినవారిగా గాక, కాపాడవలసిన వస్తువునకు దూరముగా నుంచవలసినవారిగా కనబడినవి. తాతలనాటినుండి పడవ నడచిన కాలువలో నడచుటకు జంకవలసివచ్చెను.

ఈ దృష్టి మారుటకు ఇరువదియేండ్లకు సమీపించిన కాలము పట్టినది. అడవుల రక్షణములో గ్రామస్థులకు పాలుండవలెనని కేంద్ర ప్రభుత్వము 1990లో సూచించెను; 1992లో మన రాష్ట్రమున వన సంరక్షణ సమితులకు దారి యేర్పడెను. అభయారణ్యము నానుకొన్న గ్రామములకు పర్యావరణాభివృద్ధి సంఘములను పేరుతో ఇట్టివే యేర్పడినవి. ఇంటికొక పురుషుడును ఒక స్త్రీయును సభ్యులగుట వీనిలో ముఖ్యము. మా మట్టునకు ఈ రెండవదే గొప్ప విషయము. పొయ్యిలోనికి కట్టె తెచ్చునది స్త్రీ. పీతలను ఏరునదియు తఱచుగా స్త్రీయే. ఆమె లేని సభలో మడలనుగూర్చి చేసిన తీర్మానము మరునాటి యుదయమునకే వీగిపోవును.

1990ల చివర, చెన్నపట్టణమునందలి స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అటవీశాఖతో గూడి గోదావరి, కృష్ణా మొగలలో ఈ పని చేపట్టిరి. వారు మొదట పల్లెలలో గూర్చుండి, పల్లెవారిచేతనే పల్లెపటము గీయించిరి. ఎచ్చట నీరు నిలుచును, ఎచ్చట మడ పోయినది, ఎవరి జీవనము దేనిపై నున్నదియు విచారించిరి. తరువాత పాడువడిన నేలలో ఒక పెద్ద కాలువయు, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలును త్రవ్వించిరి. పైనుండి చూచిన నది చేపముల్లువలె నుండును. పోటు ఆ ముల్లువెంట లోనికెక్కి, అదే దారిని వెనుకకు తీయగా నేలలోని యుప్పు తగ్గెను. అప్పుడు నాటిన మడలు నిలిచినవి. త్రవ్వినది మనవారి చేతులే, కూలియు వారికే దక్కినది. కాలువకు ఏటేట పూడిక తీయవలెను. తీసినచోట అడవి లేచినది, మఱచినచోట మరల పూడినది. దీనిని బట్టి సంఘము బ్రదికియున్న ఊరేదో, కాగితముపై మిగిలిన ఊరేదో పడవలో పోవువాడు చూచియే చెప్పగలడు.

ఆ కాలముననే 1996 నవంబరు 6వ తేదీని కాకినాడ ప్రాంతమున తుపాను విఱుచుకుపడి వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు మన గ్రామములు ఆ దుఃఖమును నేటికిని మఱువలేదు. మడయడవి తుపాను నాపజాలదు. అలల వేగమును మాత్రము కొంత విఱుచును. సముద్రమున పడవపైనున్నవానికి అదియు లేదు. ఈ భేదమును విస్మరించి మడలే సర్వరక్షకములని ఉపన్యసించువారితో మేము ఏకీభవింపము. ఒడ్డుననున్న గుడిసెకు ఆ కొంతయే ప్రాణమన్నది మాత్రము నిజము.

అదే సంవత్సరము డిసెంబరులో తీరపు రొయ్యల చెరువులనుగూర్చి సుప్రీముకోర్టు తీర్పు వెలువడినది. ఇచ్చట వ్రాయు మాట మన పోషకులలో కొందఱికి రుచింపకపోవచ్చును. ఆ దశాబ్దిలో మడలను కొట్టి చెరువులు త్రవ్వినవారందఱును పరాయివారు కారు. డబ్బు పెట్టినవారు కొందఱు, కౌలునకిచ్చినవారు కొందఱు మనవారే. చెరువున రోగము తగిలినప్పుడు కౌలుదారుడు వెడలిపోయెను. ఉప్పెక్కిన నేలయు, మురుగు దిగిన కాలువయు వలవేయువానికి మిగిలినవి. మొగను కాపాడవలెనని తీర్మానించు సభ మొదట తన వరుసలలోనే ఈ రెండు పక్షములవారిని ఎదురెదురుగా గూర్చుండబెట్టవలెను.

2011 మొదలుకొని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సహాయముతో తూర్పుగోదావరి నదీముఖమునంతను ఒక్కటిగా చూచు ప్రయత్నము జరిగినది. అటవీశాఖ, మత్స్యశాఖ, రేవు, ఎరువుల కర్మాగారములు, చమురు కంపెనీలు, మత్స్యకార గ్రామములు, అన్నియు ఒకే మొగపై బ్రదుకుచున్నవి కావున, ఒకరి ప్రణాళిక మఱియొకరికి తెలియవలెనన్నది దాని సారము. 'ఎగ్రీ' యను పేర ఒక సంస్థయు ఏర్పడినది. తలంపు యోగ్యమైనదనుటకు సందేహము లేదు. కాని, అట్టి పీఠమున గూర్చున్నను కంపెనీవాని చేతిలో పటములును లెక్కలును ఉండును; మనవాని చేతిలో జ్ఞాపకము మాత్రమే యుండును. జ్ఞాపకమును లెక్కగా మార్చినవాడు మనలో లేడు. 2020వ సంవత్సరమున కాకినాడ చెంత దుమ్ములపేటయొద్ద మడలున్న నేలను ఇండ్లస్థలములకై చదును చేయగా వివాదము జాతీయ హరిత న్యాయాధికరణమువఱకు పోయినది. ఇల్లు లేనివానికి ఇల్లు కావలెను. మడ లేని ఊరికి మడయు కావలెను. ఈ రెండును తగవులాడుకొను స్థితికి రాకముందే విచారింపవలసిన పీఠమే మనము కోరునది.

ఇంతవఱకు మొగవద్ద జరిగినదే చెప్పితిమి. మొగ బ్రదుకు మొగవద్ద నిర్ణయమగుట లేదు. త్ర్యంబకమునుండి 1,465 కిలోమీటరులు పరువెత్తి, మూడు లక్షల చదరపు కిలోమీటరులకు పైబడిన భూమి నీటిని గోదావరి తెచ్చుచున్నది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై డెల్టాకు అన్నము పెట్టినది. కాటను దొరకు మనవారును మ్రొక్కుదురు. అటుపిమ్మట ఎగువను పైఠణువద్ద జాయిక్వాడి, పోచంపాడువద్ద శ్రీరామసాగరము మొదలగు జలాశయము లెన్నియో వెలసినవి. నీటితోపాటు ఒండ్రును ఆగినది. 1970ల దశాబ్దిలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు ధవళేశ్వరము దాటుచుండగా, ఈ శతాబ్ది తొలి యేండ్లకు అది 6 కోట్ల టన్నులకు లోబడినదని పరిశోధకులు లెక్కించిరి. నది తేని మన్నునకు బదులు సముద్రము తీరమునే తీసికొనుచున్నది. వేసవిని ఆనకట్ట దిగువకు దిగు తీపినీరు మిక్కిలి స్వల్పము.

గోదావరి జలముల పంపకమునకు 1969లో న్యాయాధికరణము నియమింపబడి, 1980లో తుది తీర్పు నిచ్చెను. కక్షిదారులు రాష్ట్రములు, మొగలోని పల్లెలు కావు. నాటినుండి నేటివఱకు ఏ పార్టీ సభయందైనను, ఏ పత్రికయందైనను వినబడు వాక్యమొకటే: ఇన్ని వేల టి.యం.సి.ల నీరు వృథాగా సముద్రము పాలగుచున్నదని. బడిలో నలువది సంవత్సరములకు సమీపముగా వ్యాకరణము చెప్పిన మాకు ఆ 'వృథా' శబ్దము ముల్లువలె గ్రుచ్చుకొనును. పులస యెక్కునది ఆ నీటనే. ఉప్పు తగ్గి మడవిత్తు మొలకెత్తునది ఆ నీటనే. హోప్ దీవిని నిలుపు ఇసుక వచ్చునది ఆ నీటితోనే. వరదలలో సముద్రమున గలియునదంతయు మొగకే కావలెనని మేమనము. ఎంత కావలెనో లెక్కగట్టి, అంత మొగ పాలని వ్రాసిన పిదప మిగిలినదానిని పంచుకొనుడని మాత్రము అడుగవచ్చును. అట్టి లెక్కకు మొగలో బ్రదుకువాని సాక్ష్యము కావలెను.

అందులకై ఈ మహాసభయందు చర్చింపదగిన పని యొకటి గలదు. మన గ్రామములలో డెబ్బది దాటిన పెద్దలు ఇంకను కొందఱున్నారు. ఏ కాలువ ఏ యేట పూడినది, ఏ మొగ ఎటు జరిగినది, ఏ నెలలో నీరు తీపియెక్కుచుండెను, పులస మొదట ఎచ్చట పడుచుండెను, ఇప్పుడెచ్చట పడుచున్నది, ఈ సంగతులు వారి నోట నున్నవి. చదువుకొన్న యువకులు ఊరికిద్దఱు చొప్పున బయలుదేరి, వీనిని కాలువ పేరులతోడను తిథులతోడను వ్రాసి, పటముపై గుర్తించి, సంఘ కార్యాలయమునకు చేర్చవలెను. నోటుపుస్తకముల ఖర్చు భరించుటకు పోషకులొకరు ఇదివఱకే సమ్మతించినారు. మొదటి విడత చొల్లంగి అమావాస్యలోపల అందిన మేలు.