నిలిచిన నూనె, నడచిన నీరు

సన్నని గాజుగొట్టమున సుద్దపొడిని గట్టిగా దట్టించి, దానిపై ఆకుల నుండి తీసిన రంగుద్రావణమును పోసి, పిమ్మట శుద్ధద్రావకమును మెల్లమెల్లగా దిగవిడిచినచో, ఒక్కటిగా గనుపట్టు పచ్చదనము ఆకుపచ్చ, నీలిపచ్చ, పసుపు పట్టీలుగ విడివడునని, వార్సాయందుండిన రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖయిల్ త్స్వెత్ 1906లో జర్మను పత్రికయందు ప్రకటించి, ఆ విధానమునకు క్రొమటోగ్రఫీ యని పేరిడెను. కంటికి కనబడు సాక్ష్యమునే నాటి రసాయనవేత్తలు శంకించుట వింతయే. ఆయన 1919లో గతించెను. 1931లో హైడెల్‌బర్గునందు కూన్, లెడరర్, వింటర్‌స్టైన్‌లు కెరొటినాయిడులకై ఆశ్రయించునంతవరకు ఆ గొట్టము ఇంచుమించు మరుగుననే యుండెను.

లీడ్స్ నగరపు ఉన్ని పరిశోధన సంస్థలో మార్టిన్, సింజ్ అను వారిరువురు ఉన్నిలోని ఎమినో ఆమ్లములను వేరుపరచుటకై, రెండు ద్రవములను ఎదురెదురుగ నడపు యంత్రముతో బహుకాలము పెనగులాడి, కడకు రెండును నడవనేల, ఒకటి నిలిచిన చాలదా యను తలంపునకు వచ్చిరి. సిలికా జెల్‌ను నీటితో తడిపి నిలిపి, దాని మీదుగ క్లోరోఫారమును ప్రవహింపజేయగా, నీటిపై మక్కువగల అణువులు వెనుకబడెను, తక్కినవి ముందు సాగెను. వర్ణరహితములగు ఆ పదార్థముల జాడ తెలియుటకు మిథైల్ ఆరెంజ్ కలుపగా ఆమ్లమున్న చోటెల్ల ఎర్రని పట్టీ యేర్పడెను. 1941లో వెలువడిన ఈ పరిశోధనకు 1952లో నోబెల్ బహుమానము లభించెను.

అయితే పొడవాటి కొవ్వు ఆమ్లములకు నీటి పొత్తు గిట్టదు. అవి తడిసిన సిలికాను లెక్కసేయక, ద్రావకముతో గుంపుగా కొట్టుకొనిపోవును. అందుచేత 1950లో హొవర్డ్, మార్టిన్‌లు కీసెల్‌గూర్ అను మట్టికి ఒక సిలికాన్ సమ్మేళనపు ఆవిరి పట్టించి, అది నీటిని ఒల్లకుండునట్లు చేసి, దానిపై పారఫిను నూనెను నిలిపి, నీరుకలిపిన మిథనాలును నడపిరి. ఇప్పుడు తారుమారయ్యెను: పండ్రెండు కర్బనముల లారిక్ ఆమ్లము ముందుగను, పదునెనిమిది కర్బనముల స్టియరిక్ ఆమ్లము చిట్టచివరను వెలువడెను. నా దృష్టిలో ఈ శాస్త్రమునందలి మిక్కిలి సాహసోపేతమైన మలుపిదియే.

పూతగా నున్న నూనె ప్రవాహవేగమునకు కొట్టుకొనిపోవుట చిక్కు. పదునెనిమిది కర్బనముల గొలుసులను సిలికారేణువులకు రసాయనబంధముచే అతికించుటతో అదియు తీరెను. నేడు హైదరాబాదు ఔషధ కర్మాగారములలో మాత్రల స్వచ్ఛతను పరీక్షించువారు విరివిగా వాడునది ఈ సి-18 గొట్టమే. అందు నడచునది నీరు, మిథనాల్ లేక అసిటోనైట్రైల్.

అట్లని సిలికాను నిలుపు పాతపద్ధతి మూలబడలేదు. గాలిలోని తేమను పీల్చి మాటిమాటికి నడత మార్చుకొను సిలికాతో వేగుట కష్టమేకాని, అదియే అక్కరకు వచ్చు చోటులును కలవు: విటమిన్ ఇ కుటుంబమునకు చెందిన బీటా, గామా టోకోఫెరాలులు ఒకే అణుసూత్రము గలిగి, ఒక మిథైల్ సమూహపు స్థానమున మాత్రమే భేదించునవి. మామూలు సి-18 గొలుసులు ఆ రెంటిని ఒకటిగనే యెంచును, వట్టి సిలికాయును హెక్సేనును కలసి వాటిని విడదీయును.