పహ్లవీ శిలువ, గుండ్లకమ్మ నీళ్లు

మాది ఒంగోలు బాప్టిస్టుల ఇల్లు. చర్చంటే మాకు వాక్యం, పాట, అంతే. 1550 నాటి కొట్టాయం వలియపళ్లికి వెళ్తే తెర, సాంబ్రాణి, సిరియాక్ ప్రార్థన. అక్కడి రాతిశిలువ మీద పహ్లవీ అక్షరాలున్నాయి. అంటే యూరప్ వాళ్లకంటే ముందే క్రీస్తు పర్షియా వైపు నుంచి ఈ తీరానికి చేరాడన్నమాట.

‘విదేశీ మతం’ అనేవాళ్లకి ఆ రాయి చూపించొచ్చు. కానీ అందులో మావాళ్లు లేరు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించాడు. కూటికోసం మారారనే మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఎక్కువమంది మాదిగలు.

సిరియన్ క్రైస్తవులకి పాతదనమే పరువు, కులంలో పైమెట్టు. మావాళ్లు నీళ్లలో దిగింది ఆ మెట్లు వద్దనే. ఎంత పాత అన్నదే కొలతయితే గుండ్లకమ్మ ఎప్పుడూ ఓడిపోతుంది. మార్చాల్సింది కొలతనే.